అరచేతి మేర

ఓడకి బ్రేకులుండవు.
ఇంజిను వెనక్కి తిప్పినా మైలు దూరం
తన బరువుని తనే తోసుకుంటూ పోతూనే ఉంటుంది.
పద్దెనిమిదేళ్లుగా యారాడ కొండ పక్క సన్నటి కాలువలోకి
పరాయి దేశాల ఓడల్ని నడిపించుకొచ్చేదాన్ని,
నేల మీదైనా ఆగమంటే ఆగేదొకటి కావాలని
నాలుగు వందల యాభై గుర్రాలు కొన్నాను.

తిక్క లెక్క. నాకూ తెలుసు.

కంపెనీ వేసిచ్చిన టైర్లు ఏడాదికే అరిగాయి.
వెనక రెండూ మరీను,
సింహాచలంలో పుట్టెంట్రుకలు ఇచ్చొచ్చిన పిల్లాడి తలలా.
ఆటోనగర్లో గవర్రాజు వాటి మీద బొటనవేలు రాసి
"రోడ్డు మీద ఏటి రాసేవు కెప్టెనమ్మా
ఇంత రబ్బరు అరగదీసి?" అన్నాడు.

మూడు రకాలు దొర్లించుకొచ్చి గోడకి ఆనించాడు.
ఒకటి రెండొందల అంకెది. మెత్తన.
గోరు నొక్కితే గుర్తు పడుతుంది,
వేడెక్కిందా, పనస జిగురే, రోడ్డుని వదలదు.
గాడులంటారా, పేరుకి రెండు.
ఇంకొకటి ఐదొందలది, యాభై వేల కిలోమీటర్లకి పూచీ.
దాన్ని తనే కాలితో పక్కకి నెట్టేశాడు:
"ఇది ఆఫీసర్ల బండికి. నీ గుర్రాలు దీన్ని లెక్కసెయ్యవు."
మిగిలింది మూడొందలది.
నీళ్లు తోడిపొయ్యడానికి నాలుగు లోతు గాడులు,
గట్టి పక్కలు, చూడ్డానికి ఏమంత లేదు.

నేను మెత్తని దాని దగ్గరే కూచున్నాను.
వాసన కూడా చూశాను.
ఆదివారం తెల్లారకముందు రుషికొండ దాటాక
భీమిలి వైపు ఆ మలుపు ఒకటుంది, దాని కోసం.

"ఓడ ఎన్నింటికొస్తాది?"
పోటుని బట్టి. రాత్రి రెండుకైనా.
"వానలోనా?"
వానలోనే ఎక్కువ.
"బీచి రోడ్డు మీద ఇసక?"
ఉంటుంది.
"పోర్టు రోడ్డు మీద ఇనప పొడి, లారీలు కార్సిన నూని?"

నేను మాట్లాడకపోతే
సుద్దముక్క తీసి, అరచెయ్యి నేలకానించి
చుట్టూ గీశాడు, నాలుగుసార్లు.
"రెండు టన్నుల బండి భూమిని ముట్టుకునేది ఇంతే మేర."
నాలుగు చేతుల్లోనూ చూపుడువేలు సగమే ఉంది.
ఎప్పుడో ఏ రిమ్మో తినేసిందట.

పోయిన అక్టోబరు, వాయుగుండం రాత్రి,
ఎన్‌ఏడీ దగ్గర వంతెన దిగుతుంటే
స్టీరింగు ఒక్కసారి తేలికైపోయింది.
నాకు బాగా తెలిసిన తేలిక.
నీళ్ల మీద నడపడం నాకు కొత్తా?
కాని అక్కడ నన్ను ఒడ్డుకి లాగడానికి టగ్గులు లేవు.
కారు తనంతట తనే దారికొచ్చింది.
ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు,
గవర్రాజుకీ చెప్పలేదు.

"మూడోది వెయ్యి" అన్నాను.

టైరు పక్కన నాలుగంకెలు వెతికి చదివాడు,
ముప్పై ఎనిమిదో వారం, ఈ ఏడే.
చేపల రేవులో వంజరం మొప్ప ఎత్తి చూసినట్టు చూసి
"తాజాగుంది" అన్నాడు.
ధర చెప్పేటప్పుడు మాత్రం రేడియో గట్టిగా పెట్టాడు.
రెండు కాసుల బంగారం.
"మొదటి రెండొందల కిలోమీటర్లు ఒళ్లు దగ్గరెట్టుకో,
కొత్త రబ్బరు జారుద్ది."
బిల్లు రాస్తుండగా
మెత్తని దాని మీద ఇంకోసారి గోరు నొక్కొచ్చాను.

పాతవి ఏం చేస్తావంటే
"జాలరిపేటోళ్లు అట్టుకెల్తారు, పడవ పక్కల కట్టుకోడానికి."

నిన్న తెల్లవారుజామున
ఓడ దింపొచ్చి రేవులో దిగుతుంటే
పక్క మరబోటుకి ఒకటి వేలాడుతోంది,
వెడల్పాటిది, బోడిది.
నాదో కాదో.
అలొచ్చి పడవని రాతిగోడ మీదికి తోసింది.
మధ్యలో అది సగానికి సగం నలిగి,
కిక్కురుమనకుండా
మళ్లీ గుండ్రమైంది.